మోయుచున్న దేహమునకు చెల్లవలసినది

ఆరాధనలో అందరును మోకరించినప్పుడు వెనుక బల్లమీద ఒక స్త్రీ కూర్చుండియే యుండును. అది అహంకారము కాదు. ఒకసారి మోకరించినయెడల మరల లేచుటకు ఇద్దరు చేయి పట్టవలెను. ఆ ఇద్దరు లేపుచుండగా ఎన్ని కన్నులు తనవైపు తిరుగునో ఆమె ఎరుగును. అందుచేత తల మాత్రము వంచుకొనును. ఆమె పేరు ఏదైనను కావచ్చును. ఇట్టివారు ప్రతి పట్టణమందును కలరు.

బరువు తగ్గించు శస్త్రచికిత్స చేయించుకొనుటకు ఆమె నిశ్చయించుకొన్నది. దానికింకను కొన్ని నెలలు కలవు. రక్తపరీక్షలు, గుండె పరీక్ష, నిద్రలో శ్వాస ఆగుచున్నదేమో చూచు పరీక్ష, ఆహారమునుగూర్చిన సలహాలు, ఇవన్నియు ముగియవలెను. నడుము నొప్పి మాత్రము వాయిదా ఎరుగదు. పొయ్యియొద్ద పది నిమిషములు నిలుచుసరికి వెన్ను మండును. బస్సు మెట్టు అందదు. చాపమీద కూర్చుండవలసిన ప్రార్థన కూటములకు వెళ్లుట మానుకొన్నది. పెండ్లికి పిలిచినను, ఊరికి రమ్మనినను, "ఆపరేషన్ అయ్యాక చూద్దాం" అను మాటయే జవాబు.

ఇచ్చట ఒక ప్రశ్న పుట్టుచున్నది. త్వరలో మార్చుకొనదలచిన దేహము ఎడల మనుష్యుడు ఏమి ఋణపడియున్నాడు? కూల్చబోవు ఇంటికి సున్నమేల అని అడుగువారు కలరు.

ఈ ప్రశ్న వెనుక మరియొకటి దాగియున్నది. ఈ భారము దోషమా? చూచువారు తిండిపోతుతనమని వెంటనే తీర్పు చెప్పుదురు. శస్త్రచికిత్సను సయితము సులువైన దారి యందురు. అయితే 1986లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, డెన్మార్క్ దేశమున దత్తత పోయి పెరిగి పెద్దవారైన 540 మందిని పరిశీలింపగా, వారి దేహపు లావు పెంచిన తలిదండ్రులను గాక కన్న తలిదండ్రులను పోలియుండుట కనబడెను. ఇందుచేత భోజనము విషయమై మనుష్యునికి ఏ బాధ్యతయు లేదని కాదు. అట్లు చెప్పినచో మొదట నవ్వునది ఆమెయే. కాని తీర్పు చెప్ప కూర్చుండువాడు సాక్ష్యమంతయు వినవలెను గదా! దోషమే యనుకొందము, దోషి నడుము నొప్పి నొప్పి కాకపోవునా? చెట్టునుండి పడినవాడు ఎందుకు ఎక్కెనో విచారించిన పిదపనే కట్టు కట్టెదనను వైద్యుడు ఎక్కడను లేడు.

కష్టమేమనగా, ఈ తీర్పును అందరికంటె కఠినముగా ఆమెయే తనకు విధించుకొన్నది. చేతికర్ర పట్టుట ఓటమి యనియు, కుర్చీ అడుగుట సిగ్గనియు, నొప్పిని సహించుట తనకు తగిన శిక్షయనియు తలంచుచున్నది. బాధను ప్రాయశ్చిత్తముగా ఎంచుట భక్తివలె కనబడును గాని భక్తి కాదు. పొరుగువానికి ఎన్నడును విధింపని శిక్షను తనకు విధించుకొనుట న్యాయమును కాదు.

దేహము చేయుచున్న పని ఎట్టిదో తెలిసినచో ఈ కాఠిన్యము కొంత కరుగును. పొట్టభారము ముందుకు లాగుచుండగా మనిషిని నిలువుగా నిలుపుటకు నడుము కండరములు వెనుకకు లాగవలెను. నిలిచియున్నంతసేపు వాటికి సెలవు లేదు. ఆ నొప్పి సోమరితనమునకు గుర్తు కాదు, ఎడతెగని చాకిరికి గుర్తు. మోకాళ్ల సంగతియు అట్టిదే. కీళ్లు అరిగిన పెద్దవారినిగూర్చి 2005లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారము, ఒక కిలో తగ్గినయెడల మోకాలిపై అడుగడుగునకు నాలుగు కిలోల ఒత్తిడి తగ్గును. దీనిని తిప్పి చూడుడి. పడకగదినుండి వాకిలివరకు ఆమె వేయు ఇరువది అడుగులు ఇతరులు వేయు ఇరువది అడుగులు కావు.

అట్లని మంచము పట్టుట దేహముపై దయ కాదు. పూర్వము నడుము పట్టినవారికి దినములకొలది పడక విధించెడివారు. అప్పటికప్పుడు వచ్చిన నొప్పికి రెండు దినముల విశ్రాంతి ఏడు దినముల విశ్రాంతికి తీసిపోదని 1986లోనే మరియొక పరిశోధన చూపెను. ఓర్చుకొనగలిగినంతవరకు కదలుచుండుడని నేటి వైద్యులు చెప్పుదురు. శస్త్రచికిత్స పిదప ఊపిరి సరిగా ఆడుటకును, కాళ్లలో రక్తము గడ్డకట్టకుండుటకును నడకయే సహాయము గనుక, దానిని ముందే అలవరచుకొనుట మేలు. కావున నడుము మండకముందే కూర్చుండి, తగ్గిన పిదప మరల లేచుట నేర్వవలెను. పొయ్యియొద్ద ఒక ఎత్తు స్టూలు వేసికొన్నచో వంట ఆగదు. ప్రక్కకు తిరిగి పరుండి మోకాళ్ల నడుమ దిండు పెట్టుకొన్నచో కొందరికి రాత్రి తేలికగా గడచును. రొమ్ములోతు నీటిలో నడచు వీలున్నచో అంతకంటె మంచిది లేదు; ఆ నీటిలో దేహభారమున ఇంచుమించు మూడవ వంతు మాత్రమే కాళ్లపై పడును. నొప్పి మాత్రలనుగూర్చి ముందుగానే వైద్యుని అడుగవలెను, ఏలయనగా ఐబుప్రొఫెన్ వంటివి బైపాస్ చేయించుకొన్నవారికి పుండ్లు కలిగించునను భయముచేత సాధారణముగా ఇయ్యరు. కాళ్లు మొద్దుబారి, మూత్రము పట్టు తప్పినచో మాత్రము ఏ తేదీకొరకును కాచుకొనరాదు. ఆ గడియలోనే ఆసుపత్రికి పోవలెను.

కూల్చబోవు ఇల్లను పోలిక ఇచ్చట చెల్లదు. ఆ ఇంటిలో కాపురముండునామె మరియొక ఇంటికి పోవుట లేదు. శస్త్రచికిత్స జీర్ణాశయమును చిన్నది చేయును గాని క్రొత్త వెన్నెముకను ఇయ్యదు. నొప్పి అనేకులకు తగ్గును, అందరికిని పూర్తిగా పోదు. నేడు నేర్చిన నడకతోనే, నేడు మోయుచున్న ఈ కాళ్లతోనే ఆమె ఆ దినమును దాటవలెను. అంతవరకు గడచు నెలలు సయితము ఆమె ఆయుష్షులోనివే.

ఒక ఆదివారము ఆమె త్వరగా వచ్చి, బల్లలు తుడుచుచున్న కుర్రవానిని పిలిచినది. "బాబూ, ఆ చేతుల కుర్చీ ఇక్కడ వేస్తావా? లేవడానికి ఆనుకోవాలి." "అలాగేనమ్మా" అని అతడు గోడప్రక్కనున్న గట్టి కుర్చీని తెచ్చి నడవ చివర వేసెను. ఇంత చిన్న మాట అడుగుటకు ఆమెకు మూడు సంవత్సరములు పట్టెను. తరువాతి వారము, మోకాళ్లు అరిగిన ఒక పెద్దాయన ఆ కుర్రవానిని ప్రక్కకు పిలిచి, అటువంటిది మరియొకటి కలదా అని మెల్లగా అడిగెను.