దూరముగా నిలిచిన ప్రజలు

ధ్యానభాగము: నిర్గమకాండము 20:18–21, 33:11



సీనాయి కొండయొద్ద ఇశ్రాయేలీయులు ఉరుములు వినిరి, మెరుపులు చూచిరి, కొండనుండి లేచు పొగను చూచి వణకిరి. అప్పుడు వారు మోషేకు ఒక మనవి చేసికొనిరి. దేవుడు తమతో నేరుగా మాటలాడవద్దనియు, మోషేయే విని తమకు చెప్పవలెననియు వారి కోరిక. మోషే దేవుడున్న చీకటిలోనికి నడచెను. ప్రజలు దూరముగా నిలిచిరి.

ఆ మనవి వినయముగానే కనబడుచున్నది. అయితే దాని ఫలమేమి? మోషే కొండమీద 40 దినములు ఉండగా, అతడేమాయెనో తెలియదని చెప్పి వారు దూడను చేయించుకొనిరి (నిర్గమ 32). వారి భక్తి యంతయు మోషేను ఆనుకొని యుండెను. మోషే కనబడకపోగానే దేవుని కూడ మరచిరి.

ఈ దూరము మనలోను కలదు. అయ్యగారు వచ్చి ప్రార్థించిన చాలునని అనేకులు తలంచుచున్నారు. అయ్యగారికి బదిలీ యైనయెడల కొన్ని యిండ్లలో ప్రార్థనయే ఆగిపోవుచున్నది. ఈ తప్పు సంఘస్థులది మాత్రమే కాదు, నావంటి కాపరులది కూడ.

ఒక విశ్వాసురాలి యింట నేను అనేక పర్యాయములు ప్రార్థించితిని. ఒక దినమున ఆమెనే ప్రార్థించుమంటిని.

“నాకు ప్రార్థన చేయటం రాదండి, అయ్యగారూ. చదువు లేనిదాన్ని. మీరే చేయండి” అనెను.

“అమ్మా, నాట్లు వేసేటప్పుడు పక్కనున్న ఆమెతో ఏమి మాట్లాడుతావు?”

“ఏముంటాయండి? ఇంటి సంగతులు, పిల్లల సంగతులు.”

“అవే ప్రభువుతో చెప్పమ్మా.”

ఆమె ముసుగు సవరించుకొని చాలసేపు మౌనముగా నుండెను. తరువాత “తండ్రీ, నా కొడుకు” అని యేడ్చెను. అంతకు మించి మాట రాలేదు. కుమారుడు తండ్రితో పోట్లాడి యిల్లు విడిచి రెండేండ్లాయెనని నాకు అప్పుడే తెలిసెను. ఆ రెండేండ్లు ఆ యింటి క్షేమముకొరకు నేను దీర్ఘ ప్రార్థనలు చేసితిని గాని ఆమె దుఃఖమును ఒక్కసారియైనను ప్రభువు ఎదుట పెట్టలేదు. నేను మిగుల సిగ్గుపడితిని. ఉచ్చరింప శక్యము కాని మూలుగులతో పరిశుద్ధాత్మయే మన పక్షముగా విజ్ఞాపన చేయునని పౌలు వ్రాసెను గదా (రోమా 8:26). ఆ దినమున ఆ యింట నిజముగా ప్రార్థించినది ఆమెయే.

కాపరి ప్రార్థన అక్కరలేదని నేను చెప్పుట లేదు. బాలుడైన సమూయేలు దేవుని మందిరములో సేవ చేయుచునే యుండెను, అయినను దేవుని స్వరమును ఎరుగక మూడు మారులు ఏలీయొద్దకు పరుగెత్తెను. ఏలీ అతనిని తనయొద్ద నిలుపుకొనలేదు. తిరిగి వెళ్లి పండుకొని, దేవునికే ఉత్తరమిమ్మని పంపెను (1 సమూయేలు 3). మంచి కాపరి చేయవలసిన పని యిదియే.

క్రీస్తు ప్రాణము విడిచినప్పుడు దేవాలయపు తెర పైనుండి క్రిందికి చినిగెను. ఆయన రక్తమువలన మనము ధైర్యముగా లోపలికి పోవచ్చును (హెబ్రీ 10:19–22). తెర చినిగిన తరువాతను మనము దూరముగా నిలుచుట న్యాయమా?

ఒంటిగది యింటిలో తలుపు వేసికొని ప్రార్థించుట యెట్లని అడుగుదురేమో. మన ప్రభువు ఇంకను చీకటి యుండగనే లేచి అరణ్య ప్రదేశమునకు వెళ్లెను (మార్కు 1:35). మనకు పొలము గట్టు ఉన్నది, బావి దారి ఉన్నది, తెల్లవారకమునుపు పొయ్యి ముందర కొంత సమయమున్నది. రేపు ఉదయమున ఎవరితోను చెప్పుకొనని ఒక్క సంగతిని మీ సొంత మాటలలో ఆయనతో చెప్పుడి. తరువాత కొంతసేపు ఊరకుండుడి.

ఆ తల్లి కుమారుడు ఇంకను రాలేదు. అయితే ఆమె నా రాకకొరకు ఎదురుచూచుట మానినది. కోడి కూయగానే లేచి తన తండ్రితో మాటలాడుచున్నది. మనలో ప్రతివానికిని ఆ సమీపత కలుగును గాక. ఆమేన్.