శరత్కాలమున తోట కాయకము

ఆశ్వయుజ కార్తికములు శరదృతువు. నైరుతి వానలు వెనుదిరిగి, నేలలో పదును మిగిలియుండగా ఎండ తీక్ష్ణత తగ్గును. ఆకుకూరల విత్తనములు చల్లుటకు, పూలమొక్కలు పెంచుటకు ఇది అనువైన కాలము. పెరడు గల గృహస్థునకు నాలుగు మళ్ళు, పట్టణమున మేడయింట నుండువానికి వసారాలోని నాలుగు కుండీలు చాలును. చోటు చిన్నదైనను కాయకము చిన్నది కాదు.

12వ శతాబ్దమున కల్యాణమున బసవేశ్వరుడును, ఆయనతోడి శరణులును బోధించిన కాయకము కేవల దేహశ్రమ కాదు. ఆ శ్రమ తనదై యుండవలెను. అందు అత్యాశ యుండరాదు. దాని ఫలము దాసోహమునకు చెందవలెను. తోటపనిలో ఈ మూడును పరీక్షకు వచ్చును.

ఇష్టలింగపూజకు పూవులు కావలెనని వేకువజామున పొరుగింటి గోడమీది కొమ్మను అడుగక వంచువారు కలరు. నీరు పోసినవారొకరు, పూజించువారొకరు. ఆ పూవున పరిమళముండును గాని పూజించువాని కాయకముండదు. దానికంటె తన చేత నాటిన నందివర్ధనపు పూవొక్కటి మేలు. కుండీ అడుగున రంధ్రముంచి, దానిపై పెంకుముక్క నమర్చి, ఎఱ్ఱమట్టి, ఇసుక, బాగుగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపవలెను. మెంతులు 3, 4 దినములలో మొలచును. ధనియములను బద్దలుగా నలిపి చల్లినను మొలచుటకు 8 నుండి 10 దినములు పట్టును. మొలక రాలేదని నడుమ మట్టిని కెలకువానికి కొత్తిమీర దక్కదు. ఓర్పును శ్రమలో భాగమే.

ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపుగింజలు ఏరి దాసోహము చేసిన శరణుడు. ఒకనాడు ఆయన అవసరమునకు మించి తేగా, భార్య లక్కమ్మ ఆ యెక్కువను తెచ్చినచోటనే పోసి రమ్మని పంపెను. తోటకును ఆ తల్లి మాటయే శాస్త్రము. నీరెక్కువైనచో వేరు కుళ్ళి మొక్క చచ్చును. వ్రేలిని మట్టిలో గ్రుచ్చి చూచి, లోపల తడి తగిలినచో ఆనాటికి నీరు మానవలెను. ప్రేమతో పోసినను అధికము అధికమే. పూజకు కావలసినన్ని పూలే కోయవలెను. మిగిలినవి కొమ్మపైననే శివునకు పూచినవి.

మెంతికూర 25, 30 దినములకు కోతకు వచ్చును. మొదటి కట్ట జంగమునకో, మఠపు వంటశాలకో, కూర కొనలేని పొరుగింటికో చేరవలెను. అమ్మగా మిగిలినది ఇచ్చుట దాసోహము కాదు. ముందుగా ఇచ్చి, మిగిలినది ప్రసాదముగా భుజించుటయే దాసోహము.

చామరసు కవి 15వ శతాబ్దమున కన్నడమున రచించిన ప్రభులింగలీలలో గొగ్గయ్య వృత్తాంతము కలదు. తోటపనిలో మునిగియున్న ఆ గొగ్గయ్యకు అల్లమప్రభువు ఈ దేహమే సాగుచేయవలసిన తోట యని తెలిపెను. మడిలోని కలుపును నేడు పెరికినను రేపు మరల మొలచును. క్రోధలోభములును అట్టివే. ఒకనాడు పెరికి ఊరకుండినవాని తోట పదిదినములలో అడవి యగును. కావున నిత్యము మడిలో చేయి యుంచువాడు, అదే వేళ మనస్సులోను చేయి యుంచవలెను.

ఈ శరత్తున ప్రతి భక్తుని యింట ఒక కుండీయైనను పచ్చగా నుండుగాక. పిల్లలచేతనే దానికి నీరు పోయింపవలెను. తాను పెంచిన పూవును తొలిసారి ఇష్టలింగమునకు అర్పించిన బిడ్డకు కాయకమన నేమో వేరుగా బోధింపనక్కరలేదు.

శరణు శరణార్థి.