వేగం ఎవరి కోసం?



మన విచారణల్లో ఆదివారం పూజకు గిటారు పట్టే యువకులు ఉండడం సంతోషమే. వారిలో చాలామంది కోరిక ఒకటే: వేళ్లు ఇంకా వేగంగా పరుగెత్తాలి. పెద్దల విసుగూ ఒకటే: ఈ హోరులో పాట ఏదీ? ఇంతకీ వేగాన్ని కోరడం సాధనా, గర్వమా?

కోరికను ముందే తప్పుపట్టకూడదు. తలాంతుల ఉపమానంలో మందలింపు పొందినవాడు ఉన్నదాన్ని పాతిపెట్టిన సేవకుడు; పెంచినవాడు కాదు. పైగా వేగంగా వాయించడం చేతకానివాడు నెమ్మదిగా వాయిస్తే దాన్ని నిగ్రహమనలేం. చేతనైనా, పాటకు అక్కరలేదని ఆగినవాడిదే నిగ్రహం. కనుక వేగం సంపాదించవలసిందే.

ఎలా? సరళీ వరుసలు నేర్చే పిల్లవాణ్ణి చూడండి. మొదటి కాలంలో తాళం దెబ్బకు ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. తాళం మారదు. మొదటి కాలం కుదరకుండా మంచి గురువు రెండోదానికి పోనివ్వడు. గిటారుకూ అంతే. "ఫలానావాడికంటే వేగంగా" అనుకుంటే అది పోటీ. "ఈ వరుస నిమిషానికి 60 దెబ్బల మీద ఒక్క స్వరమూ మాసిపోకుండా రావాలి, వచ్చాక 64, తర్వాత 68, తడబడితే మళ్లీ వెనక్కి" అనుకుంటే అది లక్ష్యం. పోటీకి ఎదుటివాడు కావాలి. లక్ష్యానికి ఓపిక చాలు.

మన విజయనగరంలో 1919లో వెలసిన సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు (1893–1964) వయొలిన్ బోధించారు. 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. కంటిచూపు మందమైనా సాధనతో జనం నోట "ఫిడేలు నాయుడు" అయ్యారు. రసికులు నేటికీ ఆయన కమాను పలికించిన మాధుర్యాన్నే తలచుకుంటారు. వేళ్లకు ఎంత నేర్పున్నా, చెవిలో మిగిలేది నాదమే.

ఇక గుడి సంగతి. సంగీతం ఆరాధనతో ఎంత దగ్గరగా పెనవేసుకుంటే అంత పవిత్రమని రెండవ వాటికన్ మహాసభ 1963లో బోధించింది. వెనుక వరుసలోని మామ్మ పాటలో కలిసి పాడగలగాలి. మన వేగానికి అందుకోలేక ఆమె నోరు మూసుకుంటే, ఆ పూజలో ఒక ప్రార్థన తగ్గినట్టే. అలాగని ఈడ్చి ఈడ్చి వాయించమనడం లేదు. క్రిస్మస్ రాత్రి పాటకు హుషారు కావాలి. చరణానికీ చరణానికీ నడుమ ఒక చురుకైన వరుస ఎంతో అందం. గొంతులు లేచినప్పుడు మాత్రం గిటారు పక్కకు తప్పుకోవాలి.

తల్లిదండ్రులారా, ఇంట్లో సాధన చప్పుడుకు విసుక్కోకండి. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఇంట్లో వేళ్లను ఎంతైనా పరుగెత్తనివ్వండి. పూజ అయ్యాక మాత్రం "నేనెలా వాయించాను?" అని అడగకండి. "అందరూ పాడగలిగారా?" అని అడగండి.