పత్రమునకు అనుమతి, పుష్పమునకు నిషేధము

భక్తితో అర్పించిన పత్రమును, పుష్పమును, ఫలమును, జలమును స్వీకరింతునని గీత తొమ్మిదవ అధ్యాయమున భగవానుడు సెలవిచ్చినాడు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము ఒక మొక్క విషయమున పత్రపుష్పములను వేరుచేసినది. గంజాయి పూతయు, జిగురైన చరసును నిషిద్ధములు. విడి ఆకు మాత్రము ఆ నిర్వచనములో చేరలేదు. దాని నియంత్రణము రాష్ట్రములది. కనుకనే కాశీలో నేటికిని భంగు అంగళ్లు లైసెన్సుతో నడచుచున్నవి.

ఇది శైవుల విషయము గదా, మనకేల యని కొందరనవచ్చును. మథుర సమీపమున బలదేవ్ గ్రామములో దావూజీగా కొలువైన బలరామునకు భంగు నివేదన కలదు! అథర్వవేదము 'భంగ'ను సోముడు రాజుగాగల ఓషధులలో పేర్కొన్నది. ఆంగ్లప్రభుత్వము 1893లో నియమించిన విచారణసంఘము సైతము శివారాధనతో ఈ మొక్కకుగల సంబంధమును గుర్తించి, సంపూర్ణ నిషేధము తగదని మరుసటి సంవత్సరము తెలిపినది.

అయితే నివేదన వేరు, వ్యసనము వేరు. ప్రసాదమును కన్నులకద్దుకొనువానికి మత్తు ప్రధానము కాదు. మత్తు కోరువానికి దేవుడొక నెపము. ఈ భేదము అంతర్యామికి తెలియును. చట్టమునకు తెలిసినది తూకమే. 1 కిలో వరకు గంజాయి స్వల్ప పరిమాణమట. దానికిని ఏడాది వరకు కఠిన కారాగారమో, జరిమానాయో, రెండునో తప్పవు.

మన్యపు కొండలనుండి మూటలుగా తరలు గంజాయి ఏ దేవుని నివేదనకును కాదు. దానిని అరికట్టవలసినదే. శివరాత్రి నాడు చిలుముతో కూర్చున్న ముదుసలి బైరాగిని కూడ నేరస్థునిగా నిలుపుట ధర్మమనుటకు మాత్రము, తులసీతీర్థముతో తృప్తిపడు వైష్ణవుడనైన నాకును మనసొప్పదు.