పంటికి కవచం, ఆటగాడికి ధర్మం

బాక్సింగ్, రగ్బీ, హాకీ, తైక్వాండో వంటి ఆటల్లో పై పళ్లకు వేసుకునే మెత్తని తొడుగు మౌత్‌గార్డ్. బాక్సర్లు దాన్ని గమ్‌షీల్డ్ అని కూడా అంటారు. దెబ్బ తగిలినప్పుడు అది తాకిడిని కొంత పీల్చుకుంటుంది, మిగిలినదాన్ని ఒకే పంటి మీద పడనివ్వకుండా పక్క పళ్లకూ పంచుతుంది. పెదవి పంటికి తగిలి చిట్లకుండా, కింది పళ్లు పై పళ్లను ఢీకొనకుండా అడ్డుపడుతుంది. దాని పని ఇంతే. అయినా దాన్ని పెట్టుకోవాలా, ఎలాంటిది పెట్టుకోవాలి, ఆ నిర్ణయం ఎవరిది అని అడిగితే మాత్రం ధైర్యం, దైవం, స్వేచ్ఛ, అహింస గురించిన పాత చర్చలన్నీ తిరిగి మొదలవుతాయి.

ముందుగా ధైర్యం సంగతి. లండన్ దంతవైద్యుడు వూల్ఫ్ క్రాజ్ 1890లో గట్టాపెర్చా అనే చెట్టుపాల పదార్థంతో పట్టీలు చేసి బాక్సర్ల పళ్లకు అమర్చాడు. ఆయన కొడుకు ఫిలిప్ దాన్ని తీసి పెట్టుకోగలిగే తొడుగుగా మార్చాడు. టెడ్ కిడ్ లూయిస్ అంతటి ఛాంపియన్ దాన్ని నోట పెట్టుకుని రింగ్‌లోకి దిగితే అవతలి పక్షం ఒప్పుకోలేదు. దెబ్బను ఓర్చుకోవడమే మగతనం అనుకున్నచోట రక్షణ పిరికితనంగానో మోసంగానో కనిపించడం సహజం. అరిస్టాటిల్ ఈ ఆలోచనను అంగీకరించడు. ఆయన దృష్టిలో ధైర్యం పిరికితనానికీ తెగింపుకీ నడుమ ఉండే గుణం. దేనికి భయపడాలో, ఎంత భయపడాలో తెలిసినవాడే ధీరుడు, భయమే తెలియనివాడు కాడు.

మహాభారతం కూడా ఇదే వైపు నిలుస్తుంది. యుద్ధానికి ముందు ఇరుపక్షాలూ ఒప్పుకున్న నియమాల్లో కవచం పోయినవాణ్ని కొట్టరాదన్నది ఒకటి. సైంధవుణ్ని చంపుతానని అర్జునుడు శపథం చేసిన మర్నాడు ద్రోణుడే స్వయంగా దుర్యోధనుడికి మంత్రపూర్వకంగా కవచం కట్టాడు. కవచం తొడగడం అక్కడ వీరుడికి చిన్నతనం కాదు. కర్ణుడి కథ దీనికి విరుద్ధమని కొందరికి తోచవచ్చు, నిజానికి కాదు. సహజ కవచకుండలాలను ఇంద్రుడు అడగబోతున్నాడని సూర్యుడు ముందే హెచ్చరించాడు. ఏం పోగొట్టుకుంటున్నాడో తెలిసే కర్ణుడు ఇచ్చాడు. లోకం మెచ్చుకున్నది ఆ దానాన్ని. బద్ధకం వల్లనో, తోటివాళ్లు నవ్వుతారనో గార్డును సంచిలోనే వదిలేసిన ఆటగాడు కర్ణుడి పేరు చెప్పుకోవడానికి వీల్లేదు.

రెండో అభ్యంతరం భక్తి వైపు నుంచి వస్తుంది. రాసిపెట్టి ఉన్నది తప్పదు, దేవుడు కాపాడితే ఏ తొడుగూ అక్కర్లేదు అనే మాట ఇళ్లలో వినిపిస్తూనే ఉంటుంది. అయితే రక్షణ కోరే ప్రార్థనలు శరీరాన్ని చూసే తీరు వేరు. దుర్గాసప్తశతికి ముందు చదివే దేవీకవచం తల నుంచి పాదం దాకా ఒక్కొక్క అవయవాన్ని పేరుపెట్టి చెబుతుంది. నాలుకను సరస్వతికి, దంతాలను కౌమారికి, కంఠాన్ని చండికకు అప్పగిస్తుంది. పంటిని సైతం విడిగా తలచుకుని కాపాడమని వేడుకున్న భక్తుడు, చేతనైనంతలో తానూ దాన్ని కాపాడుకోవాలి కదా. భారతంలోని ఆనుశాసనిక పర్వం దైవాన్ని విత్తనంతోనూ మనిషి ప్రయత్నాన్ని పొలంతోనూ పోల్చి, రెండూ కలిస్తేనే పంట అంటుంది. నమ్మకాన్ని నిర్లక్ష్యానికి సాకుగా వాడుకోవడం నమ్మకానికే అపచారం.

ఎంపిక విషయంలో ఎక్కువ వెలుగునిచ్చేది చరకుడి ఆలోచన. తెలిసీ చేసే తప్పును చరకసంహిత ప్రజ్ఞాపరాధం అంటుంది, రోగాలకు మూలకారణాల్లో దాన్ని చేర్చుతుంది. ధీ, ధృతి, స్మృతి, అంటే వివేకం, నిగ్రహం, జ్ఞాపకం అదుపు తప్పినప్పుడు అది జరుగుతుంది. ఇవాళ ప్రాక్టీసే కదా అని గార్డును ఇంట్లో మరిచిపోవడం స్మృతిలోపం. ఊపిరాడటం లేదని మధ్యలో తీసి సాక్స్‌లో దోపుకోవడం ధృతిలోపం. దెబ్బలు ఎదుటివాడికే తగులుతాయనుకోవడం ధీలోపం. అంగట్లో చేతికి దొరికినదాన్ని నోట్లో పెట్టుకుని బాధ్యత తీరిందనుకోవడం కూడా ఆ చివరి కోవలోకే వస్తుంది.

ఎందుకంటే గార్డులన్నీ ఒక్కటి కావు. రెడీమేడ్‌గా దొరికేది ఎవరి పళ్లకూ సరిగా అతకదు. జారకుండా ఉండాలంటే దవడ బిగించే ఉంచాలి, అలా బిగిస్తే మాట్లాడటం, ఊపిరి తీయడం రెండూ కష్టం. రెండో రకాన్ని వేడినీళ్లలో మెత్తబరిచి, కాస్త ఆరనిచ్చి, నోట్లో పెట్టుకుని మెల్లగా కొరికి, పెదవుల మీదుగా వేళ్లతో పళ్లకు అదుముతారు. గట్టిగా కొరికితే కొరికినచోట పలచబడి, అసలు కావలసినచోటే బలం పోతుంది. మూడోది దంతవైద్యుడు పై పళ్ల అచ్చు తీసి, దానితో ప్లాస్టర్ నమూనా పోసి, ఈవీఏ అనే ప్లాస్టిక్ రేకును వేడిచేసి ఆ నమూనా మీద ఒత్తి తయారుచేసేది. ముందుపళ్ల దగ్గర సుమారు 3 మిల్లీమీటర్ల మందం నిలిచేలా చూస్తారు. పళ్లకు క్లిప్పులు ఉన్నవారికి ఇదే తగినది. పరీక్ష తేలిక. నోరు తెరిచినా గార్డు ఊడిపడకూడదు, మాట అర్థం కావాలి, ఊపిరి ఆడాలి. సరిగ్గా అమరిన గార్డు నిగ్రహానికి పెద్ద పరీక్ష పెట్టదు. మనిషి మనసు ఎంత చంచలమో ఎరిగి వస్తువును ఎంచుకోవడం వివేకంలో భాగమే.

ఇక్కడ న్యాయం మాట కూడా ఎత్తాలి. మూడో రకానికి ఖర్చు ఎక్కువ, అది భరించలేని ఇళ్ల నుంచి వచ్చే ఆటగాళ్లే ఎక్కువ. అప్పుడు మంచి గార్డు లేకపోవడాన్ని ఆటగాడి దోషమనడం అన్యాయం. పతకం వస్తే పేరు పంచుకునే అకాడమీ, పంటి బాధ్యతనూ పంచుకోవాలి.

నిర్ణయం ఎవరిదన్నది తర్వాతి చిక్కు. జాన్ స్టూవర్ట్ మిల్ 1859లో స్వేచ్ఛ గురించి ప్రచురించిన గ్రంథంలో, తన శరీరం మీద సర్వాధికారం మనిషిదేనన్నాడు. ఇతరులకు హాని లేనంతవరకు సమాజం జోక్యం కూడదన్నాడు. అలాంటప్పుడు గార్డును తప్పనిసరి చేసే నియమం సబబేనా? దీనికి మంచి సమాధానం ఆర్థికవేత్త థామస్ షెల్లింగ్ 1973 వ్యాసంలో ఉంది. అప్పట్లో ఐస్ హాకీ ఆటగాళ్లు హెల్మెట్ మంచిదని తెలిసీ పెట్టుకునేవారు కాదు. ఒక్కడే పెట్టుకుంటే చూపులో, వేగంలో వెనకబడతానన్న భయం, తోటివాళ్లు ఏమనుకుంటారోనన్న బెంగ. అందరికీ నియమం పెడితే వాళ్లలో చాలామంది సంతోషంగా ఒప్పుకునేవారు. ఇలాంటి చోట నియమం స్వేచ్ఛను హరించదు, ఒంటరిగా తీసుకోలేని నిర్ణయాన్ని కలిసి తీసుకునే వీలు కల్పిస్తుంది. బాక్సింగ్ గమ్‌షీల్డ్‌ను తప్పనిసరి చేసింది. ఫీల్డ్ హాకీ మైదాన ఆటగాళ్లకు దాన్ని సిఫారసు చేసి ఊరుకుంది, ఆ మెతకదనం సమర్థించడం కష్టం.

పిల్లల విషయంలో మిల్ సూత్రం వర్తించదు. ఆ మినహాయింపు ఆయనే ఇచ్చాడు. నిజామాబాద్ నుంచి వెళ్లి 2022లోనూ 2023లోనూ ప్రపంచ ఛాంపియన్ అయిన నిఖత్ జరీన్‌ను టీవీలో చూసి గ్లోవ్స్ కావాలని మారాం చేసే పదేళ్ల పిల్లకు, ఊడిన శాశ్వత దంతం మళ్లీ మొలవదన్న సంగతి మనసుకు ఎక్కదు. ఊడిన పంటిని పాలలో వేసి గంటలోపు డాక్టరు దగ్గరికి చేర్చితే నిలిచే ఆశ ఉంటుంది, అదీ ఆశే. తిరిగిరాని నష్టం విషయంలో పిల్ల ఒప్పుకోలును ఒప్పుకోలుగా తీసుకోకూడదు. దవడ పెరిగేకొద్దీ గార్డు బిగుతవుతుంది కాబట్టి, మార్చే భారం కూడా పెద్దలదే.

సాధారణంగా ఎవరూ తలచని కోణం ప్రత్యర్థిది. ఎదుటివాడి పన్ను విరగ్గొట్టిన బాక్సర్ నియమం తప్పలేదు, అయినా ఆ గాయం అతని చేతితోనే జరిగింది. గార్డు పెట్టుకున్న ఆటగాడు తన పంటితోపాటు, అవతలివాణ్ని అక్కర్లేని హింస నుంచి కూడా కాపాడుతున్నాడు. పోటీలో అహింసకు మిగిలే చోటు బహుశా ఇదే. అంతర్జాతీయ అమెచ్యూర్ బాక్సింగ్ నిబంధనల్లో ఎర్రరంగు గమ్‌షీల్డ్‌పై నిషేధం ఉండటం ఇందుకు తగిన వివరం. నోట్లో రక్తం వస్తే రిఫరీకి కనబడాలి, రక్షణ గాయాన్ని దాచకూడదు.

గార్డుకు హద్దులూ ఉన్నాయి. పళ్లను, పెదవులను కాపాడుతుందనడానికి ఆధారాలు బలమైనవి. తలకు దెబ్బ తగిలి పుర్రెలో మెదడు కుదుపుకు లోనైతే దాన్ని ఆపుతుందనడానికి అంత బలమైన ఆధారాలు లేవు. 2024 నుంచి వరల్డ్ రగ్బీ అగ్రశ్రేణి పోటీల్లో వాడుతున్న సెన్సర్ గార్డులు కూడా తల కుదుపును కొలిచి వైద్యుణ్ని హెచ్చరిస్తాయి, అంతవరకే. ఈ తేడాను దాచి అమ్మడం అబద్ధం, గార్డు ఉందన్న ధీమాతో తలను ముందుకు పెట్టి ఆడటం ప్రమాదం. తలకు దెబ్బ కొట్టడమే గెలుపు మార్గమైన ఆట అసలు ఉండవచ్చా అన్న ప్రశ్న గార్డుతో తీరేది కాదు. వరల్డ్ మెడికల్ అసోసియేషన్ 1983లోనే బాక్సింగ్‌ను నిషేధించాలని కోరింది. తెలిసి ఒప్పుకున్న ఇద్దరు పెద్దవాళ్ల మధ్య పోటీ వాళ్ల హక్కు అనేవారు దాన్ని నేటికీ అంగీకరించడం లేదు.