ఏడవని వాళ్లందరూ రాతిగుండెలేనా?



ఊళ్లో తండ్రి భూస్థాపన జరుగుతుంటే, వీసా చిక్కుల వల్ల వెళ్లలేని కొడుకు ఇక్కడ అర్ధరాత్రి ఫోన్‌లో చూస్తాడు. కన్నీరు రాదు. ఆదివారం ఆరాధనకు వచ్చి అందరితో మామూలుగా మాట్లాడతాడు. "ఎంత రాతిగుండె!" అని వెనక బల్లలో ఎవరో ఒకరు అనేస్తారు. ఇక్కడ పుట్టిన మన పిల్లలు మాత్రం అతన్ని 'నమ్' అంటారు, 'క్యాలస్' అనరు. రెండు మాటలకూ అర్థం స్పందన లేకపోవడమే. కానీ మొదటిది ఒక స్థితి, రెండోది ఒక నేరారోపణ.

'క్యాలస్' గట్టిపడిన చర్మాన్ని చెప్పే లాటిన్ మాట నుండి వచ్చింది. చేతులు కాయలు కాశాయని మనం అంటాం కదా, అదే. ఎదుటివారి బాధను మళ్లీ మళ్లీ తోసేసిన మనసు అలా కాయ కాస్తుంది. 'నమ్' వెనక ఉన్న పాత ఇంగ్లీషు మాటకు 'తీసుకోబడిన' అని అర్థం. స్పర్శ పోయింది, అతను పారేసుకోలేదు. తిమ్మిరెక్కిన కాలిని ఎవరు తిడతారు?

మార్కు 3వ అధ్యాయంలో ఊచచెయ్యి గలవాని చుట్టూ ఉన్నవారి హృదయ కాఠిన్యానికి ప్రభువు కోపపడ్డాడు, దుఃఖపడ్డాడు కూడా. అక్కడి గ్రీకు మాట 'పోరోసిస్' కూడా గట్టిపడటాన్ని చెప్పేదే. గమనించండి, వాళ్లకు భావాలు లేక కాదు. విశ్రాంతి దినం గురించి ఎంతో ఆవేశం ఉంది. ఆ చెయ్యి గురించే ఏమీ లేదు. కఠినత్వం తరచుగా ఇలాగే ఉంటుంది, ఒక్కవైపే మొద్దుబారుతుంది.

'ఇన్‌డిఫరెంట్' ఒకప్పుడు మంచి మాట. 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలో అధికారులు అలా న్యాయం తీర్చాలని ప్రార్థన ఉంది. పక్షపాతం లేకుండా అని దాని భావం. ఇప్పుడు పట్టనితనం అనే అర్థమే మిగిలింది. లూకా 10లో యాజకుడూ లేవీయుడూ గాయపడినవాణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. చూసి ప్రక్కగా పోయారు, అంతే. ఉద్యోగం పోయిన కుటుంబం రెండు ఆదివారాలు కనబడకపోయినా ఫోన్ చేయని మన సంఘాలకు నాకు ఈ మాటే ఎక్కువ భయం. ఏడవనివాణ్ణి విమర్శించడం కంటే ఇది మనకు దగ్గరి విషయం.

స్పర్శ పోవడం పాపం కాకపోయినా, ప్రమాదమే. క్రైస్తవ శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ వెల్లూరులోను, 1966 నుండి అమెరికాలోని కార్‌విల్‌లోను కుష్ఠు రోగులకు సేవ చేశాడు. వాళ్ల వేళ్లు పాడవడానికి ముఖ్య కారణం, నరాలు మొద్దుబారి కాలినా తెగినా తెలియకపోవడమేనని ఆయన చూపించాడు. నొప్పి చెప్పలేనిదాన్ని కళ్లు చూడాలి గనుక, రోజూ చేతులూ పాదాలూ పరీక్షించుకోవడం రోగులకు నేర్పారు.

మనసు తిమ్మిరెక్కినవాడు తన గాయాన్ని తాను చూసుకోలేడు. ఆ కళ్లు పక్కవాళ్లవి కావాలి. అలాంటివారింటికి వెళ్తే, ఎందుకు ఏడవలేదని అడగకండి. భోజనం చేస్తున్నాడా, నిద్ర పడుతోందా అని అడగండి. మొదటి వారంలోనే కాదు, మూడో నెలలో కూడా.