జీవకుడికి తీరిక లేదు

ఇండియా గేటు నుంచి గోల్ డాక్‌ఖానా దాకా సాగే అశోకా రోడ్డులో ఒకటో నంబరు ఆవరణ ఢిల్లీ తెలుగువారికి పుట్టింటి వంటిది. అక్కడి ఆంధ్రప్రదేశ్ భవన్ క్యాంటీన్‌లో భోజనానికి విద్యార్థులు, ఉద్యోగులు, కోర్టు పనుల మీద వచ్చినవారు వరుస కడతారు. ఆ వరుసలో కొందరి చేతుల్లో ఎప్పుడూ ఎక్స్‌రే కవర్లు కనిపిస్తాయి. రోగిని వెంటబెట్టుకుని ఊరు నుంచి పెద్దాసుపత్రికి వచ్చినవాళ్లు వాళ్లు.

పోయిన చలికాలం ఒక ఆదివారం అక్కడే మా ఊరి అబ్బాయి కలిశాడు. మా పేటలో మొదటి డాక్టరు అతను. ఎంబీబీఎస్ సీటు వచ్చిన రోజు బాబాసాహెబ్ విగ్రహానికి దండ వేసి, పేటంతా మిఠాయి పంచారు. పీజీ కూడా పూర్తిచేసి ఈ నగరంలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో సీనియర్ రెసిడెంటుగా చేస్తున్నాడు.

"జై భీమ్ బాబాయ్" అని పక్కన కూర్చున్నాడు. అన్నం కలుపుతూనే చెప్పాడు: "వచ్చే నెల నుంచి మానేస్తున్నాను. ప్రాక్టీసు కూడా పెట్టను. సివిల్స్ రాస్తాను."

జీతం చాలకనా అని అడిగాను. కాదన్నాడు. కొంచెంసేపు ఆగి ఒక రాత్రి సంగతి చెప్పాడు. ఎమర్జెన్సీలో ఒక్కో మంచానికి ఇద్దరు రోగులు. అతను డ్యూటీకి ఎక్కి అప్పటికి ముప్పై గంటలు. ఒక పెద్దాయన చనిపోయాడు. కొడుకు వచ్చి ఇతని కాలరు పట్టుకున్నాడు. ఎవరో విడిపించారు. "నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు బాబాయ్. ఏమీ అనిపించలేదు. తర్వాతి పేరు పిలిచాను. తెల్లారి రూముకు వెళ్లాక, ఏమీ అనిపించనందుకు భయం వేసింది."

నేను పెద్దరికం చూపించాను. విహారాల్లో మనం తరచూ చెప్పుకునే కథే చెప్పాను. విరేచనాలతో తన మలంలోనే పడివున్న భిక్షువును భగవానుడు చూశాడు. ఆనందుడి చేత నీళ్లు తెప్పించి, అతనితో కలిసి కడిగి, మంచం మీదికి చేర్చాడు. రోగికి చేసే సేవను తనకు చేసే సేవగా ఎంచమని భిక్షువులకు బోధించాడు. కరుణ అంటే అది నాయనా, దాన్ని వదలకు అన్నాను.

అబ్బాయి నా మాట పూర్తిగా విన్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "ఆ కథలో రోగి ఒక్కడే కదా బాబాయ్. చూసేవాళ్లు ఇద్దరున్నారు."

నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వచ్చి వినయ పిటకం మహావగ్గం మళ్లీ తీశాను. ఎన్నోసార్లు చదివిన కథే. కానీ ఆ రాత్రి, మేం విహారంలో చెప్పకుండా వదిలేసే సగం కనిపించింది. రోగిని కడిగాక భగవానుడు భిక్షుసంఘాన్ని సమావేశపరిచాడు. ఇతన్ని ఎవరూ ఎందుకు చూడలేదని అడిగాడు. ఇతను మాకెవరికీ ఏమీ చేయడు గనుక మేమూ చూడలేదన్నారు వాళ్లు. మీకిక్కడ తల్లిదండ్రులు లేరు, ఒకరినొకరు చూసుకోవాల్సింది మీరేనని ఆయన గుర్తుచేశాడు. అక్కడితో ఆగలేదు, నియమం పెట్టాడు. రోగికి ఉపాధ్యాయుడుంటే కోలుకునేదాకా అతను చూడాలి. అతను లేకపోతే ఆచార్యుడు, ఆ తర్వాత శిష్యుడు, సహవాసి, ఇలా వరుస. ఎవరూ లేకపోతే సంఘం చూడాలి. చూడకపోతే సంఘానికి దోషం.

అంటే ఆ కథ ఒక మహానుభావుడి కరుణను మెచ్చుకోవడానికి చెప్పింది కాదు. కరుణను ఎవరో ఒకరి మంచితనానికి వదిలేయకుండా విధిగా, వంతుగా, ఏర్పాటుగా మార్చిన కథ అది.

అదే మహావగ్గంలో జీవకుడి కథ ఉంది. తక్షశిలలో ఏడేళ్లు చదివినవాడు, బింబిసారుడి వైద్యుడు, బుద్ధుడికీ సంఘానికీ వైద్యుడు. ఒకప్పుడు మగధలో కుష్ఠు, గడ్డలు, చర్మరోగం, క్షయ, మూర్ఛ అనే ఐదు రోగాలు ప్రబలాయి. జనం జీవకుడి మీద పడ్డారు. తనకు రాజును, అంతఃపురాన్ని, సంఘాన్ని చూసుకోవడమే సరిపోతోందని, తన వల్ల కాదని చెప్పాడాయన. ఆస్తి అంతా ఇస్తామన్నా, దాసులుగా ఉంటామన్నా అదే మాట. దాంతో జనం ఒక ఉపాయం కనిపెట్టారు. భిక్షువులైతే సేవా దొరుకుతుంది, జీవకుడి వైద్యమూ దొరుకుతుంది. వైద్యం కోసమే చీవరం కట్టసాగారు. జీవకుడి పని ఎంత పెరిగిందంటే రాజుగారి పనిలోనూ లోటు వచ్చింది. ఒకరోజు, నయం కాగానే చీవరం విడిచేసిన మనిషి ఆయనకు దారిలో ఎదురయ్యాడు. జీవకుడికి కష్టం తోచింది. నేరుగా భగవానుడి దగ్గరికి వెళ్లి, ఈ ఐదు రోగాలున్నవారికి ప్రవ్రజ్య ఇవ్వవద్దని వేడుకున్నాడు.

భగవానుడు జీవకుడికి ఓర్పు గురించి బోధించలేదు. ఇంకాస్త కరుణ పెంచుకోమనలేదు. నియమం మార్చాడు.

ఆ నియమం నన్ను ఇబ్బంది పెట్టకపోలేదు. దానివల్ల తలుపు మూసుకున్నది రోగుల ముఖం మీదే కదా? మూసిన తలుపు బయట వాళ్లు ఏమయ్యారో గ్రంథం చెప్పదు. ఒకే ఒక్క వైద్యుడి మీద దేశం భారమంతా పడినప్పుడు, వైద్యుడిని కాపాడాలంటే రోగి నష్టపోతాడు, రోగిని కాపాడాలంటే వైద్యుడు కూలిపోతాడు. ఆ ఇద్దరినీ పోటీకి నిలబెట్టింది వాళ్ల స్వభావం కాదు, వైద్యులు చాలకపోవడం. ఆ లోటు తీర్చడం భిక్షుసంఘం చేతిలో లేదు. అది రాజ్యం పని.

ఆ పని తనదని ఒప్పుకున్న రాజు పేరే ఈ రోడ్డుకు పెట్టారు. అశోకుడి రెండో శిలాశాసనం వైద్యం గురించే. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండ మీద కూడా ఆ శాసనం ఉంది. మనుషులకు, పశువులకు రెండు విధాల చికిత్స ఏర్పాటు చేశామని, మూలికలు లేని చోటికి తెప్పించి నాటించామని, దారుల్లో బావులు తవ్వించి చెట్లు పెంచామని అందులో ఉంది. దయగా ఉండండని వైద్యులకు హితవు చెప్పే మాట అందులో లేదు. మందు మొక్క నాటించడం దగ్గర మొదలుపెట్టాడు అశోకుడు.

ఇప్పటి లెక్క చూద్దాం. ప్రభుత్వాలు ఆరోగ్యం మీద పెట్టే ఖర్చును 2025 నాటికి స్థూల దేశీయోత్పత్తిలో 2.5 శాతానికి చేర్చాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం అది 1.84 శాతం. ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఖాళీలోనే మా అబ్బాయి వార్డులోని మంచం ఉంది, దాని మీద ఇద్దరు రోగులు ఉన్నారు.

పని గంటల సంగతి ఇంకా విచిత్రం. వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడిగా బాబాసాహెబ్ తెచ్చిన సవరణతో 1946లో ఫ్యాక్టరీ కార్మికుడి పని వారానికి 54 గంటల నుంచి 48కి తగ్గింది. 1992 కేంద్ర రెసిడెన్సీ పథకం రెసిడెంట్ డాక్టర్లకూ అదే 48 గంటలు రాసింది, ఒక్కసారికి 12 గంటలు మించకూడదంది. జాతీయ వైద్య కమిషన్ నియమించిన కార్యబృందం 2024లో వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై నివేదిక ఇచ్చింది. ఆ సర్వేలో పీజీ విద్యార్థుల్లో సుమారు 45 శాతం వారానికి 60 గంటలకు పైగా పనిచేస్తున్నామన్నారు. దాదాపు మూడోవంతు మందికి ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయట. చివరికి ఆ బృందం సూచించిన పరిమితే వారానికి 74 గంటలు. మిల్లు కార్మికుడికి అన్యాయమని 1946లో తేల్చిన గంటల కన్నా ఎంతో ఎక్కువ గంటలు, ప్రాణం నిలబెట్టే మనిషికి ఇవాళ ఉపశమనంగా కనిపిస్తున్నాయి.

2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న వైద్యురాలు అత్యాచారానికి, హత్యకు గురైంది. విశ్రాంతికి గది కూడా లేక ఆమె సెమినార్ హాల్లో నడుం వాల్చింది. అప్పుడు ఢిల్లీ రెసిడెంట్లు నిర్మాణ్ భవన్ ముందు రోడ్డు మీదే ఓపీ పెట్టి రోగులను చూస్తామన్నారు. ఆగస్టు 20న సుప్రీంకోర్టు జాతీయ కార్యబృందాన్ని వేసింది. మన దగ్గరా ఇదే అసంతృప్తి. అదే సంవత్సరం జూన్‌లో తెలంగాణ జూనియర్ డాక్టర్లు స్టైపెండ్ నెలనెలా సక్రమంగా ఇవ్వమని సమ్మె చేయాల్సి వచ్చింది. 2025లో ఆంధ్రప్రదేశ్ పీహెచ్‌సీ వైద్యులు ఇన్‌సర్వీస్ కోటా, పదోన్నతుల కోసం విధులు ఆపారు. వైద్యుల మీద దాడులను నేరంగా పరిగణించే చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 2008లోనే వచ్చింది. కాలరు పట్టుకోవడం మాత్రం ఆగలేదు.

వైద్యుడు రోగిని చూసి భయపడటం కొత్త కాదు. ఉజ్జయిని రాజు ప్రద్యోతుడికి పాండురోగం. నేతి మందు తప్ప దారిలేదు. ఆయనకు నెయ్యి అసహ్యం, పైగా మహా కోపిష్ఠి. జీవకుడు నేతిని కషాయంలా మార్చి తాగించి, ముందే సిద్ధం చేసుకున్న ఆడ ఏనుగెక్కి పారిపోయాడు. రాజు మనిషిని వెంట తరిమాడు. రాజుకు నయమైంది, తర్వాత విలువైన వస్త్రాలు పంపాడు. కానీ నయం చేసే చేయి పారిపోయే దారి చూసుకోవాల్సి వచ్చిందన్న మాట మిగిలింది.

మన పిల్లలకు ఇంకో బరువు కూడా ఉంది. ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పట్ల వివక్ష ఉందని థోరట్ కమిటీ 2007లోనే తేల్చింది. 2023 ఫిబ్రవరిలో వరంగల్‌లో చదువుతున్న ఒక గిరిజన పీజీ విద్యార్థిని మరణించింది, వేధింపుల ఆరోపణలపై కేసు నమోదైంది. అందరూ అలసిపోతారు నిజమే. కానీ అలసిపోయిన రోజున "కోటా డాక్టరు" అన్న మాట కొందరికే వినబడుతుంది. అలాంటివాడు వెళ్లిపోతే పేటకు రావాల్సిన డాక్టరు పోతాడు. అందుకే మా అబ్బాయి నిర్ణయం నాకు అతని సొంత విషయంగా మాత్రమే తోచలేదు.

అయితే వైద్యుల అసంతృప్తి అంతా ఒక్కటి కాదని కూడా చెప్పాలి. కోటి దాటిన ఫీజు పెట్టి సీటు తెచ్చుకుని, అది త్వరగా రాబట్టుకోలేకపోతున్నానన్న బాధ ఒకటి. రోగికి సరిగా చేయలేకపోతున్నానన్న బాధ ఇంకొకటి. కార్పొరేట్ ఆసుపత్రిలో నెలకిన్ని పరీక్షలు, ఇన్ని ఆపరేషన్లు అని లెక్క పెడితే, మొదటి బాధ ఉన్నవాడు సర్దుకుంటాడు, రెండో బాధ ఉన్నవాడు వెళ్లిపోతాడు. రోగిని చూసేవాడికి ఉండాల్సిన ఐదు గుణాలను భగవానుడు చెప్పాడు. మందు సిద్ధం చేయగలగాలి, హితమేదో అహితమేదో తెలియాలి, మలమూత్రాలకు వెగటు పడకూడదు, ధర్మం మాట్లాడి ఊరడించగలగాలి. మరొకటి, ఆమిషం కోసం, అంటే లాభం ఆశించి కాక మైత్రితో చేయాలి. ఆ ఐదులో ఏది పోయినందుకు బాధపడుతున్నానో ప్రతి వైద్యుడూ తనను తాను అడుక్కోవాలి. రోగికీ ఐదు లక్షణాలు చెప్పాడాయన. హితం కానిది చేయడం, హితమైనదాంట్లోనూ మితం తెలియకపోవడం, మందు వేసుకోకపోవడం, ఉన్నది ఉన్నట్టు చెప్పకపోవడం, నొప్పి ఓర్చుకోలేకపోవడం, ఇవన్నీ రోగిని సేవ చేయడానికి కష్టమైనవాడిగా మారుస్తాయట. వార్డులో ధర్మం ఇద్దరి మధ్యా నడవాలి. ఒంటరి మనిషికి ధమ్మం అక్కర్లేదని, ఇద్దరు మనుషులున్నచోటే అది అవసరమని బాబాసాహెబ్ వివరించింది ఇదే.

ఇప్పుడు ఆసుపత్రుల్లో డాక్టర్లకు ధ్యాన శిబిరాలు పెడుతున్నారు. ధ్యానం మంచిదే, నేనూ చేస్తాను. కానీ ముప్పై గంటలు నిద్రలేని మనిషిని శ్వాస గమనించమనడం, దుఃఖానికి కారణాన్ని వదిలేసి దుఃఖితుడిని సరిదిద్దడం. కారణం బయట ఉన్నప్పుడు మనిషి లోపల వెతకమనే బోధను బాబాసాహెబ్ ఒప్పుకోలేదు.

వారం తర్వాత అబ్బాయికి ఫోన్ చేశాను. ఉండిపొమ్మని అడగలేదు, ఆ హక్కు నాకు లేదు. క్యాంటీన్‌లో చెప్పిన కథకు క్షమాపణ చెప్పి, మిగతా సగం వినిపించాను. జీవకుడు తన వల్ల కాదని తెలిశాక చెప్పకుండా వెళ్లిపోలేదు, నియమం మార్చగలవాడి దగ్గరికి వెళ్లి చెప్పాడన్నాను. "నువ్వు వెళ్లినా సరే, నువ్వు చూసింది గంటలతో, మంచాల లెక్కతో రాసి పెట్టి వెళ్లు."

"ఒక్కడి పేరుతో రాస్తే ఏమవుతుందో తెలుసు కదా బాబాయ్" అన్నాడు.

"ఒక్కడి పేరుతో వద్దు. నీతో డ్యూటీ చేసేవాళ్లను అడుగు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత, వాళ్ల యూనిట్‌లో ఇంకా ఆరుగురు ఉన్నారని, డ్యూటీ చార్టులు ఎవరి దగ్గరుంటాయో తనకు తెలుసని అన్నాడు.

మన వంతు కూడా ఉంది. ఊరు నుంచి వచ్చిన రోగికి తోడు వెళ్లడానికి, వార్డులో చెప్పింది చెప్పినట్టు తర్జుమా చేయడానికి, కాలరు మీదికి వెళ్లే చేతిని పట్టుకోవడానికి ఢిల్లీలోని మన ఉపాసకులు వంతులు వేసుకోవచ్చు. ఆనాడు భగవానుడు నీళ్లు పోస్తుంటే ఆనందుడు చేసింది అంతకన్నా పెద్ద పనేమీ కాదు. కానీ అతను లేకపోతే ఆ రోగిని మంచం మీదికి ఎత్తడం ఒక్కడి వల్ల అయ్యేది కాదు.